ఈల ఆగిన చోట

(వెనక గది. బల్ల నిండా తీగలు, ఒక చిన్న పెట్టె, స్పీకరు. కూతురు పనిలో ఉంది. తల్లి వచ్చింది.)

“అమ్మో! జడుసుకుని చచ్చాను. ఏంటమ్మా, దొంగపిల్లిలా వచ్చి వెనకాల నిలబడతావ్? చేతిలో అతుకులేసే ఇనుముంది ఇక్కడ, ఎర్రగా కాలుతూ.”

“నేను దొంగపిల్లినా? గాజులు గలగలలాడించుకుంటూనే వచ్చానే. గుమ్మంలోంచి రెండుసార్లు పిలిచాను కూడా.”

“పిలిచావా? ఎప్పుడు?”

“ఎప్పుడంటే ఏం చెప్పను? నీకు ఈ లోకంలో ధ్యాసుంటేగా. అక్కడ బట్టల మిషను అరిచి అరిచి ఊరుకుంది. అది కూడా నేనే వచ్చి ఆపాలా?”

“మిషను అరవలేదు.”

“అరవలేదట! ఆ గోడకి అవతలే కదే ఉంది. పని తగుల్తుందని చెవిన వేసుకోవు, అంతే. అచ్చం మీ నానమ్మ పోలిక. ఆవిణ్ణి నాలుగుసార్లు పిలిస్తే గానీ పలికేది కాదు.”

“మొదలెట్టావా నానమ్మ పురాణం.”

“పురాణం తర్వాత. ముందా కిటికీ తెరువు. ఆ పొగంతా నీ ఊపిరితిత్తుల్లోకే పోతోంది. ఆ మొహమేంటి, బల్లకి అతికించేశావ్? అంత దగ్గరగా పెట్టుకుంటే కళ్ళు పోతాయి.”

“ఊపిరితిత్తులయ్యాయి, కళ్ళయ్యాయి. కరెంటు షాకు మర్చిపోయావ్.”

“మర్చిపోలేదు, అక్కడికే వస్తున్నా. కాళ్ళకి చెప్పులేవి?”

“ఇవిగో. రబ్బరువి. పన్నెండు వోల్టులమ్మా ఇది. చీమ కూడా చావదు.”

“చీమ సంగతి నాకెందుకే. చీమని నేను కనలేదు.”

“అబ్బ! జీవితంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి ‘ఏం కాదులే’ అనమ్మా. నోరు అరిగిపోదు.”

“ఏం కాదని నేనెలా అంటాను? ఏదైనా అయితే?”

“ఇదిగో, ఇదే మాట. నన్ను బడిలో వేసిన మొదటిరోజు కూడా ఇదే అన్నావట. సాయంత్రం దాకా గేటు బయటే కూర్చున్నావట. నాన్న చెప్పాడు.”

“కూర్చుంటే తప్పేంటి? ఆ రోజు నువ్వు పడలేదా? మోకాలు కొట్టుకుపోలేదా?”

“గేటు దగ్గర నిన్ను చూసి పరిగెత్తుకొచ్చి పడ్డానమ్మా! నువ్వు లేకపోతే పడేదాన్ని కాదు.”

“ఏదో ఒకటి. పడ్డావా లేదా?”

“పడ్డాను తల్లీ, పడ్డాను. సరే, రేపైనా అను. స్టూడియోకి బయల్దేరేటప్పుడు ‘ఏం కాదులే, వెళ్ళిరా’ అను చాలు. బతిమాలుతున్నా.”

“వెళ్ళిరా అంటాను. మొదటి ముక్క నా నోటికి రాదు. అలా అన్నానంటే అప్పుడే ఏదో ఒకటి వచ్చి మీద పడుతుందని భయం నాకు.”

“పోనీ ఉత్తుత్తినే అను.”

“అస్సలు అనను. అది సరే, ఇంతకీ ఏమైందే దీనికి? పొద్దున్నుంచీ దీన్ని పట్టుకుని వేలాడుతున్నావ్. తిండీ లేదు, నీళ్ళూ లేవు.”

“సరిగ్గా పనిచెయ్యట్లేదు.”

“నీ చేత్తో చేసిందేగా?”

“అందుకే ఏడుపొస్తోంది. కొన్నదైతే అమ్మినవాణ్ణి తిట్టుకునేదాన్ని.”

“అసలు ఏం చెయ్యాలది? నాకర్థమయ్యేలా చెప్పు. ఆ పేరు నాకు నోరు తిరగదు.”

“సింథసైజర్. ఉత్త కరెంటుతోనే శబ్దం పుట్టించే వాయిద్యం. అందులో ఈ పెట్టె ఒక భాగం, ఫిల్టర్. జల్లెడ అనుకో. పిండి జల్లిస్తే ఏమవుతుంది?”

“మెత్తటిది కిందికి దిగుతుంది, ముతకది పైన మిగులుతుంది.”

“ఇది శబ్దాల్ని జల్లిస్తుంది. బొంగురు శబ్దాల్ని పోనిస్తుంది, సన్నటివాటిని ఆపేస్తుంది. ఈ పెద్ద బటన్ తిప్పుతూ పోతే జల్లెడ తెరుచుకుని సన్నవి కూడా వస్తాయి. ఈ చిన్న బటన్ ఉంది చూశావా? దీన్ని పూర్తిగా పెంచేశామనుకో, ఇంక దానికి మనం ఏ శబ్దమూ ఇవ్వక్కర్లేదు. తనంతట తనే ఈల వేస్తుంది.”

“ఓహో, ఆ ఈలేనా? వంటింట్లో ఉన్న నాకు పంటి నరాలు లాగేశాయి. ఎదురింటి కుక్క కూడా మొరిగింది.”

“కుక్క కూడానా! అన్నిటికీ ఎక్కువ చేస్తావ్. సగం దాకా బాగానే మోగుతోంది. ఆ తర్వాతే గొడవ. పెద్ద బటన్ తిప్పేకొద్దీ ఈల సన్నబడుతూ, ఇంకా సన్నబడుతూ పైకి పోవాలి. ఇదేమో ఇక్కడికొచ్చి ఆగిపోతోంది. ఠక్కున ఆగినట్టు కాదు. ఎవరో చెయ్యి వదిలేసి జారిపోయినట్టు.”

“ఆ బటన్ చుట్టూ పెన్సిలు గీతలేంటే? ఒకదాని కింద ఒకటి.”

“తర్వాత చెప్తా. ఇదిగో ఈ టార్చి పట్టుకో. కదపకు.”

“రేపు చూపించాల్సింది దీన్నేగా?”

“చూపించడం కాదు. ఆ రికార్డింగ్ స్టూడియో ఆయన ముందు కూర్చుని నేనే తిప్పాలి. ఎక్కడ ఏ శబ్దం తేలుతోందో, ఏది మునుగుతోందో నేనే విని చెప్పాలి. నచ్చితే రేపట్నుంచే ఉద్యోగం, లోపల కుర్చీ వేస్తాడు నాకు.”

“లోపలంటే ఆ తలుపులన్నీ బిగించేసిన గదిలోనా? గాలి కూడా రాదటగా?”

“శబ్దం రాదమ్మా. గాలొస్తుంది.”

“మంచివాడేనా ఆయన?”

“ఆయన కూతురు నాకంటే పెద్దది, ఆ గదిలోనే పనిచేస్తుంది. సరేనా? నాకు డిగ్రీ లేదండీ అని ముందే చెప్పేశాను. ఏమన్నాడో చెప్పానా నీకు?”

“వందసార్లు చెప్పావు.”

“మళ్ళీ విను. ఒకే పాట రెండుసార్లు వేసి తేడా చెప్పమన్నాడు. అంతమందిమి ఉన్నాం, అందరూ మొహమొహాలు చూసుకున్నారు. రెండోసారి వెనకాల ఎక్కడో తాళాల పదును ఒక్క పిసరు తగ్గిందండీ అన్నాను. ఆయన లేచి వచ్చాడమ్మా! ‘ఈ పిల్లకి చెవులున్నాయి. మిగతావన్నీ నేర్పచ్చు, చెవులు నేర్పలేం’ అన్నాడు.”

“మాటిమాటికీ అనకు, దిష్టి తగుల్తుంది.”

“నాకున్నవే అవి. అవి కూడా చెప్పుకోవద్దా? ‘నీ చేత్తో ఒక ఫిల్టర్ చేసుకునిరా, ఎన్నాళ్ళైనా ఫర్వాలేదు’ అన్నాడు. ఏడాది పట్టింది. పట్టీ పట్టీ ఇలా తగలడింది. టార్చి కదుపుతున్నావ్.”

“ఆ ఇనుము నీ చేతికి తగుల్తుందేమోనని అటు చూస్తున్నానే.”

“తగలదు.”

“తగిలితే?”

“సరే, టార్చి అక్కడ ఆనించు. ఈ నల్ల పుల్ల ఇక్కడ పెట్టి పట్టుకో. ఎర్ర పుల్ల నేను పెడతా. నువ్వు మీటరులో అంకె చదువు.”

“ముట్టుకుంటే...”

“ఏం కాదు! చూశావా, ఎంత తేలిగ్గా అన్నానో? ఏం కాదు, ఏం కాదు, ఏం కాదు. చదువు.”

“పన్నెండు.”

“ఇప్పుడు?”

“మళ్ళీ పన్నెండే. ముందొక చిన్న గీతుంది.”

“అది మైనస్. ఉండాల్సిందే. కరెంటు రెండువైపులా బాగానే వస్తోంది. అయితే తప్పు ఇంకా ముందుకెళ్ళాక ఉంది.”

“ఇన్ని పురుగుల్లాంటి ముక్కలున్నాయి. ఎక్కడ పోయిందో ఎలా తెలుస్తుందే?”

“మొదట్నుంచి పట్టుకుని రావాలి. ఇక్కడ లోపలికెళ్ళిందా? వెళ్ళింది. ఈ నల్ల చిప్పు, ఐసీ, దాటిందా? దాటింది. ఈ కెపాసిటర్ దాటిందా? అలా ఒక్కొక్క చోటే అడుక్కుంటూ వస్తే, ‘ఇక్కడిదాకా ఉంది, ఇక్కడ లేదు’ అని ఒకచోట దొరుకుతుంది. తప్పు ఆ రెండిటి మధ్యే ఉంటుంది. ఇంకెక్కడికీ పారిపోదు.”

“కుళాయిలో నీళ్ళు రాకపోతే ట్యాంకు దగ్గర్నుంచి చూసుకుంటూ రావడం లాగా.”

“అదే! చూశావా, నువ్వు కూడా మెకానిక్‌వి అయిపోవచ్చు.”

“నాకొద్దు. నిద్ర పట్టదు.”

“నీకు ఇప్పుడు మాత్రం పడుతోందా? ఇదిగో, టార్చి మళ్ళీ పట్టుకుని ఈ అతుకు చూడు, మసగ్గా ఉంది. మంచి అతుకైతే మెరవాలి. ఇదే అయ్యుండచ్చు. మళ్ళీ వేస్తా, మొహం వెనక్కి పెట్టుకో.”

“నువ్వు పెట్టుకో ముందు.”

“మావాడొకడికి నిన్న ఈ శబ్దం రికార్డు చేసి పంపాను, ఎక్కడ పోతోందో నువ్వూ విని చెప్పరా అని. చివరిదాకా బానే ఉందిగా అంటాడు! వాడికి చెవులెక్కడివి? అయినా ఈమధ్య ఎవరూ సరిగ్గా మాట్లాడి చావరు. అందరూ నోట్లో నోట్లో గొణుక్కుంటారు. ఫోన్లో అయితే మరీను.”

“మీ నానమ్మా ఇంతే. లోకమంతా గొణుగుతోందని తిట్టేది పాపం. తనకి వినపడట్లేదని తెలిసేది కాదు.”

“అదెలా తెలీదు?”

“ఎలా తెలుస్తుందే? వినపడని చప్పుడు ఒకటుందని ఎవరైనా చెప్తే గదా తెలిసేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో, ‘ఏమే, దొంగపిల్లిలా వచ్చి వెనకాల నిలబడతావు’ అని తెగ తిట్టేది నన్ను. అయ్యో అని ఇంకో అరడజను గాజులు తొడుక్కున్నాను. అయినా తిట్టేది. ముందు గాజుల చప్పుడే పోయిందావిడకి. ఆ తర్వాత పిచ్చుకలు. ఆ తర్వాత పిల్లల మాటలు, ఆడవాళ్ళ మాటలు...”

“ముసలితనంలో అందరికీ అంతేగా.”

“ముసలితనమెక్కడ? నీ వయసులోనే మొదలైందని వాళ్ళక్కయ్య చెప్పేది. అప్పుడేదో జ్వరం వచ్చిందట, దానివల్లేనని అందరూ... అందరూ అనుకున్నారు...”

“ఆ, తర్వాత?”

“ఆ అతుకు ఆరిందా?”

“ఏంటమ్మా, మధ్యలో ఆపేశావ్?”

“ఏం లేదు. టార్చి బరువుగా ఉంది.”

“ప్లాస్టిక్ టార్చి, బరువట! సరే, అయిపోయింది. ఆన్ చేస్తున్నా. చెవులు మూసుకో, మళ్ళీ పంటి నరాలంటావ్.”

“మూసుకోను. వింటాను.”

“నీ ఇష్టం. ఇదిగో... వచ్చింది. హమ్మయ్య, ఎంత శుభ్రంగా ఉందో చూడు. పైకి... పైకి... ఇంకొంచెం, ఇంకొంచెం... ఛ! ఆగిపోయింది. కింది గీత దాకా కూడా రాలేదు.”

“అబ్బా! తగ్గించవే, తగ్గించు! తలలో మేకు దిగినట్టుంది.”

“తగ్గించడానికి ఏముందమ్మా, అదే ఆగిపోతేను?”

“ఆగలేదే. ఇంకా...”

“అది నీ చెవుల్లో గుయ్యిమనడం. పెద్ద శబ్దం ఆగాక ఎవరికైనా కాసేపు అలాగే ఉంటుంది.”

“అంతేనంటావా?”

“అంతే. ఇదిగో, స్విచ్చి కట్టేశా. ఇంకా ఉందా?”

“లేదు. పోయింది.”

“చూశావా? చెప్పాను కదా, కాసేపే ఉంటుందని.”

“స్విచ్చి కట్టాకే పోయిందే.”

“అబ్బ, అమ్మా! మీటరులో ఏముందో చూడు ముందు. మళ్ళీ ఆన్ చేసి గీత దాటిస్తున్నా.”

“అంకె ఉంది. ఇందాక ఎంతుందో దాదాపు అంతే ఉంది.”

“ఇటు తిప్పు, నేను చూస్తా. అవునే! బయటికొచ్చే తీగ మీద ఉంది, స్పీకర్లో మాత్రం లేదు. దొరికాడు! స్పీకరే దొంగ. అనవసరంగా పెట్టెని తిట్టుకున్నాను. నాన్న పాటలు వినే స్పీకరు పట్రా, అలమర పైన ఉంది. కుర్చీ ఎక్కేటప్పుడు జాగ్రత్త. చూశావా, నాకూ అంటుకుంది నీ జబ్బు.”

“ఇదిగో.”

“అప్పుడే తెచ్చావా? కుర్చీ కాళ్ళు చూసుకుని, గోడ పట్టుకుని, ఓ పావుగంట పడుతుందనుకున్నా. ఆ తీగ అందుకో. ఆ. ఇప్పుడు వస్తుంది చూడు, నాన్న స్పీకరు మొండిది. పైకి... పైకి... అదేంటి?”

“ఏమైంది?”

“ఇది కూడా ఆగింది. అక్కడే. సరిగ్గా అక్కడే! ఎలా కుదురుతుందమ్మా? రెండు స్పీకర్లూ ఒకేచోట ఎలా చస్తాయి? కూడబలుక్కున్నాయా? నీకూ విచిత్రంగా లేదా?”

“ఇంకేమైనా ఉందా, పెట్టి వినడానికి?”

“హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. ఇటు రా, పక్కన కూర్చో. ఒక చెవి నీకు, ఒక చెవి నాకు. దగ్గరికి జరుగు, తీగ చాలట్లేదు. తల ఆనించు.”

“నీ జుట్టంతా పొగ వాసన.”

“తర్వాత తలస్నానం చేస్తాలే. వస్తోందా నీకు? సరే, తిప్పుతున్నా. నెమ్మదిగా. చూడు, ఎంత బాగుందో ఇక్కడ. ఇంక వస్తుంది చావుచోటు. అదిగో... పోయింది. ఇందులోనూ పోయింది. అమ్మా, నీకు పోయిందా లేదా?”

“చెయ్యి తియ్యకు. ఇంకా తిప్పు.”

“పోయాక తిప్పి ఏం లాభం?”

“తిప్పవే. చివరిదాకా తిప్పు.”

“చివరికొచ్చేశాను. ఏముంది? ఏమీ లేదు. అదేంటమ్మా, ఆ కళ్ళు?”

“పొగ. నీ పొగ కళ్ళలో పడింది.”

“ఇనుము పక్కన పెట్టి ఎంతసేపైంది, పొగెక్కడిది?”

“ఆ గీతలు ఎప్పుడెప్పుడు పెట్టావు?”

“ఏ గీతలు?”

“బటన్ చుట్టూ. తర్వాత చెప్తానన్నావు.”

“అవా. ఈల ఆగిపోయిన చోటల్లా పెట్టాను. మొదట చేసినప్పుడు ఇదిగో, ఈ పై గీత దాకా మోగేదమ్మా. ఎంత ముద్దొచ్చిందో! ఇంట్లోకి కీచురాయి దూరినట్టు, సన్నగా. ఇంకొంచెం పైకి లాగుదామని అక్కడా ఇక్కడా కదిపాను. అంతే, ఈ రెండో గీత దగ్గర ఆగడం మొదలెట్టింది. అది బాగుచేద్దామని కూర్చుంటే ఇంకాస్త కిందికి దిగింది. నేను బాగుచేసేకొద్దీ పాడవుతోంది.”

“దిగుతూనే ఉందా?”

“దిగుతూనే ఉంది. ఈ పూట చూశావుగా, కింది గీతని కూడా తాకలేదు.”

“ఇంకా దిగుతుందా?”

“తప్పెక్కడుందో పట్టుకోకపోతే దిగుతుంది మరి. ఏంటమ్మా, నా చెయ్యి అలా నొక్కేస్తున్నావ్? నొప్పి.”

“నేనొకసారి తిప్పనా?”

“నువ్వా? షాకు కొడుతుందన్నావ్?”

“కొట్టనీ. నువ్వు అటు తిరిగి కూర్చో, కిటికీ వైపు. ఈల ఆగగానే చెయ్యెత్తు.”

“ఇదేం ఆట?”

“నువ్వే చెప్పావుగా, మొదట్నుంచి పట్టుకుని ఒక్కొక్క చోటే చూసుకుంటూ రావాలని.”

“మెకానిక్ గారికి ఉత్సాహం వచ్చింది! సరే, తిరిగాను. హెడ్‌ఫోన్స్ పీకేసి నాన్న స్పీకరే పెట్టు. కానివ్వు.”

“తిప్పుతున్నా.”

“ఊఁ... ఊఁ... ఆగింది. ఇదిగో, చెయ్యెత్తాను.”

“మళ్ళీ.”

“ఆగింది.”

“ఇంకోసారి. ఈసారి బాగా విను తల్లీ. మనసు పెట్టి విను.”

“మనసు పెట్టే వింటున్నానమ్మా, ఇంకేం పెట్టను? ఊఁ... ఊఁ... ఆగింది. ఏం, తేడా వచ్చిందా?”

“లేదు. అక్కడే.”

“ఇంక ఇటు తిరగనా?”

“ఉండు, తిరక్కు. పెట్టె కట్టేశాను. ఇప్పుడేమైనా వినపడుతోందా?”

“కట్టేశాక ఏం వినపడుతుంది? ఏమీ లేదు.”

“ఇప్పుడో?”

“లేదు. ఏంటమ్మా? ఏం చేస్తున్నావు వెనకాల?”

“ఇప్పుడో? ఇంకా దగ్గరగా వచ్చాను.”

“ఆఁ! చెవికి చల్లగా ఏదో తగిలింది. నీ గాజులు కదూ? తియ్, చక్కిలిగిలి పెడుతున్నాయి. ఊరికే ఊపకు.”

“ఊపుతున్నానని తెలిసిందా?”

“తగుల్తుంటే తెలీదా?”

“తగలడం కాదు... సరేలే. ఇటు తిరుగు.”

“తిరిగాను. ఏం కనిపెట్టారండీ మెకానిక్ గారూ?”

“ఏం లేదు. మీ నాన్న ఇంకా రాలేదే ఇవాళ?”

“నాన్న వచ్చే వేళ కాలేదు. మాట మార్చకు. సరే, నేనే తేల్చేస్తా. స్పీకర్లు కావు, తీగలు కావు, కరెంటు కాదు, అతుకులు కావు. ఇంక మిగిలింది ఈ ఐసీ ఒక్కటే. పీకేసి కొత్తది పెడతా.”

“పీకకు.”

“పీకకపోతే రేపటికి ఎలా?”

“అది పీకితే బోర్డు పాడవుతుందని మొన్న నువ్వేగా అన్నావు? ఆ రాగి గీతలు లేచిపోతాయని, ఇంక అతకవని.”

“లేస్తే లేచాయి. ఎలాగూ పనిచెయ్యనిదేగా.”

“పనిచేస్తోందే అది!”

“ఏంటీ?”

“అదే... నువ్వు ఏడాది కూర్చుని చేసింది పనిచెయ్యకుండా ఎలా ఉంటుంది అంటున్నా. ఆ ఇనుము అవతల పెట్టు. నాకు భయమేస్తోంది.”

“అమ్మా. ఇటు చూడు. నాకు ఆగాక నీకు వినపడిందా?”

“నాకేం తెలుస్తుందే, నావి ముసలి చెవులు.”

“అది కాదు నేనడిగింది. వినపడిందా, లేదా?”

“లేదు.”

“నిజంగా?”

“నిజంగానే. నీకెక్కడ ఆగిందో నాకూ అక్కడే ఆగింది. పెట్టెదే తప్పు. ఇందాక నేను అరిచింది కూడా... నువ్వన్నావుగా, చెవుల్లో గుయ్యిమనడమేనని. అదే.”

“మరి ఐసీ పీకొద్దంటావేం?”

“కంగారు పడకు అంటున్నా. ఆయన ఎన్నాళ్ళైనా ఫర్వాలేదన్నాడుగా. రేపు వెళ్ళకపోతే కొంపలేం మునిగిపోవు. రేపు మనిద్దరం ఇంకోచోటికి వెళ్దాం.”

“ఎక్కడికి?”

“డాక్టరు దగ్గరికి. నాకే. నాకు చూపించుకోవాలి, ఈ గుయ్యిమనడం. ఒక్కదాన్నీ వెళ్ళలేను, తోడు రా. వచ్చినదానివి ఎలాగూ అక్కడే ఉంటావుగా, నిన్ను కూడా ఒకసారి... ఊరికే... వచ్చిన చోట...”

“నన్నెందుకు?”

“ఊరికేనే. అలా చూడకు. ఆ చూపేంటే? ఏం కాలేదు. ఏం కాదులే తల్లీ. ఏం కాదు. వినపడిందా నేనన్నది?”

“వినపడిందమ్మా. ఇందాక అంత బతిమాలితే నీ నోటికి రాని మాట... అడక్కుండానే అన్నావు. ఏమైందమ్మా నాకు?”